నాన్న మర్చిపోయినవి

మార్చి మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి గీతిక దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. చింటూకి టోపీ పెట్టలేదట. మెడ వెనకంతా కాలిందట. సన్‌స్క్రీన్ కూడా రాయలేదని తేజు చెప్పిందట.

అంతే. ముందొక పలకరింపు లేదు, చివరొక మంచిమాట లేదు. ఆ పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని తీసుకెళ్లాను. బ్లూ మౌంటెన్స్ అంచున మూడు కిలోమీటర్ల అడవిదారిలో నడిపించాను. వాగులో కాళ్లు పెట్టించాను, బండమీద ఎండ కాచుకుంటున్న తొండను చూపించాను. నిద్రపోయిన చింటూని భుజాన వేసుకుని కారుదాకా మోశాను. ఐదు కొట్టేసరికి స్కోఫీల్డ్స్ స్టేషన్ కార్ పార్క్‌లో ఇద్దర్నీ అప్పజెప్పాను. ఇంత జరిగితే ఆమెకు కనబడింది లేని టోపీ ఒక్కటే.

గీతికా నేనూ ఒకే యూనివర్సిటీలో చదువుకున్నాం. ఎనిమిదేళ్లు కాపురం చేశాం. విడిపోయి అప్పటికి ఏడాది దాటింది. ఏడేళ్ల తేజస్విని, నాలుగేళ్ల చింటు ఆమె దగ్గర స్కోఫీల్డ్స్‌లో ఉంటారు. నేను హారిస్ పార్క్‌లో ఒకరింటి వెనక కట్టిన గ్రానీ ఫ్లాట్‌లో ఉంటాను. రెండు వారాలకొక శనివారం, తొమ్మిది నుంచి ఐదు దాకా పిల్లలు నా దగ్గరుండాలని రాసుకున్నాం. మేమిద్దరం మాట్లాడుకోవలసింది ఏదైనా ఉంటే ఒక యాప్‌లోనే రాసుకోవాలి. అందులో రాసింది చెరిపెయ్యడానికి వీల్లేదు.

నేను బస్సు డ్రైవర్ని. ఒక్క షిఫ్టులో ఐదారు వందల మంది నా బస్సెక్కి దిగుతారు. బడిపిల్లలు, చేతికర్రల ముసలివాళ్లు, పిల్లల తోపుడుబండ్లలో పసిగుడ్లు. వాళ్లందరి ప్రాణాలూ నా చేతుల్లో పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. నేను కన్న ఇద్దరు పిల్లల్ని ఎనిమిది గంటలు నాకు వదలడానికి మాత్రం మీటింగులు, సంతకాలు, నిబంధనలు. పైగా టోపీలు.

అసలు ఈ కొండలూ అడవులూ మొదలైంది కూడా ఆమె మూలానే. ఫిబ్రవరిలో, విడిపోయిన తల్లిదండ్రులకి ఒప్పందం కుదిర్చే మీడియేటర్ ముందు కూర్చున్నప్పుడు, నేను పిల్లల్ని షాపింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి, ఆటస్థలంలో వదిలేసి ఫోను చూసుకుంటూ కూర్చుంటానని చెప్పింది. రెండుసార్లు అలా జరిగిన మాట నిజమే. ఆ రెండుసార్లే ఆమె చెల్లెలు చూసింది. నాకు ఒళ్లు మండి, ఇకనుంచి ప్రతిసారీ పిల్లల్ని బుష్‌వాక్‌కి, అంటే అడవినడకకి, తీసుకెళ్తానని అందరి ముందూ అనేశాను. మీడియేటర్ ఆవిడ, తెల్లజుట్టు పెద్దావిడ, చాలా మంచి ఆలోచన అంటూ రాసుకుంది. మళ్లీ మే నెలలో కలుద్దామంది. శనివారం రాత్రి పిల్లలు నా దగ్గర పడుకోవచ్చా లేదా అన్నది అప్పుడు తేలుతుందంది.

టోపీ మెసేజికి నేను జవాబివ్వలేదు. ఫోను మంచం మీద పడేసి చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను.

రెండోసారికి టోపీలు కొన్నాను, సన్‌స్క్రీన్ కొన్నాను. రెండు నీళ్లసీసాలు, అరటిపళ్లు, చిప్స్ ప్యాకెట్లు సంచిలో వేసుకున్నాను. ఇక ఏమంటుందో చూద్దాం అనుకున్నాను.

కిలోమీటరు నడిచామో లేదో వాన పట్టుకుంది. పెద్ద వానేమీ కాదు, ఆగకుండా కురిసే సన్నటి తుంపర. రెయిన్‌కోట్లు లేవు. చెట్టుకింద నిలబడితే సరిపోతుందిలే అని ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని నిలబడ్డాను. అంతలో చింటు తన కాలు చూసుకుని కెవ్వుమన్నాడు. చీలమండ మీద జలగ. నేను గోటితో గీకి లాగేశాను. రక్తం ధారగా కారింది. వాడు రక్తం చూసి ఇంకా భయపడి నిక్కరు తడిపేసుకున్నాడు. మార్చడానికి నా దగ్గర ఏమీ లేదు. వాణ్ణి ఎత్తుకోవాలా, ముందు కాలు తుడవాలా, వెనక్కి నడవాలా తెలియక అలాగే ఉండిపోయాను.

తేజు వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. ఒక పెద్ద బండ వెనక్కి తీసుకెళ్లింది. రెండు నిమిషాల తర్వాత చింటు పొడి ప్యాంటుతో బయటికొచ్చాడు. తడి నిక్కరు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఉంది. ఎక్కడిదని అడిగాను. "నా బ్యాగ్‌లో ఉంది నాన్నా" అంది తేజు, వీపు మీది స్కూలుబ్యాగు సర్దుకుంటూ.

నాకు కోపం నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు, దాని తల్లి మీద. నేను తీసుకురానని ముందే నిశ్చయించుకుని, చాటుగా బట్టలు పెట్టి పంపింది. నేను తప్పు చేస్తానని కాచుకుని కూర్చుంది.

ఆరింటికి మెసేజి రానే వచ్చింది. రెయిన్‌కోట్లు లేవు, తడిసిపోయారు, జలగ కరిచిన చోట కట్టు కట్టలేదు. ఈసారి నేను ఊరుకోలేదు. చాటుగా బట్టలు పెట్టి పంపి నాకు పరీక్షలు పెట్టొద్దని రాశాను. వెంటనే జవాబొచ్చింది. "నేనేమీ పెట్టి పంపలేదు. నీ రోజు నీ బాధ్యత అని రాసుకున్నాం. నేను దాని ప్రకారమే ఉన్నాను."

అబద్ధం అనుకున్నాను. అంత శుభ్రంగా, అంత తాపీగా అబద్ధం ఆడగలిగే మనిషితో ఎనిమిదేళ్లు ఎలా ఉన్నానా అని కూడా అనుకున్నాను.

మా ఇంటి ఓనరు సత్యభామ ఆంటీ. భర్త పోయాక పెద్దింట్లో ఒక్కతే ఉంటుంది. ఆవిడ బట్టలారేసుకునే తీగ నా గది గుమ్మం ముందే ఉంది. ఆ వారంలో ఒక సాయంత్రం ఆవిడ బట్టలు తీస్తుంటే నేను గుమ్మంలో నిలబడి మనసులో ఉన్నదంతా కక్కేశాను. టోపీ, రెయిన్‌కోటు, చాటుగా పెట్టిన ప్యాంటు, చెరిగిపోని మెసేజీలు. తండ్రిని ఎవరైనా ఇలా చూస్తారా అని అడిగాను. ఆవిడ తలూపుతూ వింది. చివర్లో మాత్రం ఒక ప్రశ్న వేసింది.

"అయితే మురళీ, మీరు కలిసున్నప్పుడు పిల్లలతో బయటికెళ్తే నువ్వేం సర్దేవాడివయ్యా?"

"కారు నేనే నడిపేవాణ్ణండీ."

"కారు సరే. సంచిలో ఏం పెట్టేవాడివి?"

నేను ఆలోచించాను. సంచి ఉండేది. నీలం రంగుది, రెండు పక్కలా జేబులుండేవి. గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండేది, నేను తీసుకెళ్లి డిక్కీలో పెట్టేవాణ్ణి. అందులో ఏముండేదో నాకు తెలియదు. ఏది కావాలన్నా అందులోంచి వచ్చేది, అంతవరకే తెలుసు. ఆవిడ దులిపిన దుప్పటి మడతపెట్టుకుంటూ లోపలికెళ్లింది. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు ఆవిడే ఒక కాగితం తెచ్చిచ్చింది. మనవల్ని తిప్పిన అనుభవం ఉంది కదా, గుర్తున్నవన్నీ రాసింది. దానికి నేను ఇంకొన్ని కలిపాను. శుక్రవారం సాయంత్రం ఆ కాగితం ముందు పెట్టుకుని మంచం మీద ఒక్కొక్కటీ పేర్చాను. టోపీలు, కోట్లు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, మూడు జతల మేజోళ్లు. తడిగుడ్డల ప్యాకెట్టు, చెత్తసంచులు, పాముకాటుకి చుట్టే పొడుగాటి బ్యాండేజీ, జలగలకి ఉప్పుడబ్బా. నెయ్యీ పంచదారా రాసి చుట్టిన చపాతీలు, పెరుగన్నం, జంతికలు. ముప్ఫై రెండు వస్తువులు. సంచిలో పెట్టేముందు అన్నిటికీ కలిపి ఒక ఫోటో, విడివిడిగా ఒక్కొక్క ఫోటో తీశాను. తేదీ, సమయం ఫోటో మీదే పడేట్టు పెట్టుకున్నాను. మే నెలలో ఆమె ఏ వస్తువు పేరు చెబితే ఆ వస్తువు ఫోటో తీసి బల్ల మీద పెడతాను. ఆ రాబోయే క్షణాన్ని తలుచుకుంటూ జిప్పు లాగితే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఏప్రిల్ మొదటి శనివారం నడక బాగా జరిగింది. భోజనం దగ్గర చూస్తే చెంచాలు లేవు. పెరుగన్నం చేత్తో తినడం చింటూకి నచ్చదు. ఎలాగా అనుకుంటుండగానే తేజు తన బ్యాగులోంచి రెండు ప్లాస్టిక్ చెంచాలు తీసింది. ఆ రోజు సాయంత్రం ఆరైంది, ఏడైంది, మెసేజి రాలేదు. రెండు వారాల తర్వాతి శనివారానికి ఇక్కడి ఎండాకాలం పోయి గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు కాబట్టి నాలుగింటికే లోయలో నీడ పడి చలేసింది. చింటు ఎర్ర స్వెటర్ వేసుకుని ఉన్నాడు. అది నేను పెట్టిన స్వెటర్ కాదని చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ సాయంత్రం కూడా మెసేజి రాలేదు.

గెలిచాననుకున్నాను. డిపోలో పవన్ అనే స్నేహితుడికి ఫోటోలు కూడా చూపించాను. వాడు నవ్వి, నువ్వు కొండెక్కుతున్నావా, కోర్టు మెట్లెక్కుతున్నావా అన్నాడు.

మే మొదటి శనివారం పోయిన చోట మెట్లదారి ఎక్కువ. రాతిలో చెక్కిన మెట్లు, చెమ్మకి పాకుడు పట్టినవి. దిగడం సులువుగానే దిగాం. ఎక్కేటప్పుడు చింటు నా భుజం మీద, ముప్ఫై రెండు వస్తువుల సంచి నా వీపు మీద. తేజు వెనకబడుతోంది. పది మెట్లెక్కి ఆగుతోంది. ముఖం ఎర్రబడింది. నువ్వు పెద్దదానివి కదమ్మా, ఇంకొంచెమే అన్నాను. ఎక్కింది. మళ్లీ ఆగింది. బ్యాగు నాకివ్వు అన్నాను. వద్దంది. చెయ్యి చాచాను. రెండు చేతులతో బ్యాగు పట్టీలు గట్టిగా పట్టుకుంది.

"ఇట్స్ మై బ్యాగ్, నాన్నా. ఐ కెన్ క్యారీ ఇట్."

మలుపు దగ్గర చదునైన బండ ఉంటే చింటూని దింపాను. తేజు నీళ్లు తాగడానికి బ్యాగు దింపినప్పుడు పక్కకి జరుపుదామని చేత్తో ఎత్తాను. చెయ్యి కిందికి వాలిపోయింది. చింటు బొమ్మలు కూడా ఇందులోనే వేసిందేమో అనుకుని జిప్పు తీశాను.

చింటు చెడ్డీలు రెండు, ప్యాంటు, ఎర్ర స్వెటర్. ఇద్దరి టోపీలు. సగం అయిపోయిన సన్‌స్క్రీన్ ట్యూబు. బిస్కెట్లు, పెద్ద నీళ్లసీసా, చెంచాలు. బ్యాండ్‌ఎయిడ్లు. చిన్న జిప్‌లాక్ కవరులో ఉప్పు. టార్చిలైటు. అన్నిటికీ అడుగున, తడవకుండా ప్లాస్టిక్ ఫైలులో ఒక కాగితం. దాని మీద పెన్సిలుతో వాళ్లమ్మ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, నా ఫోన్ నంబరు. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. నా తమ్ముడి పేరు చింటు. వాడికి కుక్కలంటే భయం.

నేను ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. తేజు నా ముఖమే చూస్తోంది.

"ఇవన్నీ అమ్మ పెట్టిందా?"

"కాదు. నేనే."

"ఎందుకమ్మా? నేను తెస్తున్నాను కదా."

తేజు బండ మీద నాచు గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. "కార్ ఎక్కగానే అమ్మ అడుగుతుంది, వాట్ డిడ్ నాన్న ఫర్గెట్ అని. నేను లై చెప్పకూడదు కదా. సో ఇఫ్ ఐ బ్రింగ్ ఇట్, దెన్ నథింగ్ ఈజ్ ఫర్గాటెన్."

ముందు నాకు కలిగింది జాలి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నాకు కలిగింది మహా కోపం, ఆ కోపంలో ఒక ఆనందం. దొరికింది అనుకున్నాను. పసిపిల్లని కారులో కూర్చోబెట్టి కన్నతండ్రి తప్పులు రాబట్టే తల్లి. మీటింగులో ఈ ఒక్క మాట చాలు. జేబులోంచి ఫోను తీశాను. బండ మీద ఆ వస్తువులన్నీ వరసగా పేర్చి ఫోటో తీశాను. కాగితాన్ని విడిగా దగ్గర్నుంచి తీశాను.

"హూ ఈజ్ దట్ ఫర్?" అంది తేజు.

నేను కాగితం ఫోటో సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను.

"అమ్మకి చూపిస్తావా?"

దాని గొంతులో భయం ఉంది. నన్ను చూసి నా కూతురు భయపడడం నేను అంతకుముందు ఎరగను. ఫోను జేబులో పెట్టేసుకున్నాను. అన్నీ తిరిగి బ్యాగులో సర్ది, దాన్ని ముందు వైపు పొట్ట మీద తగిలించుకున్నాను. వెనక ఒక సంచి, ముందు ఒక సంచి, చంకలో చింటు. మిగిలిన మెట్లు ఎన్నో లెక్కపెట్టలేదు. తేజు చేతులూపుకుంటూ నాకంటే ముందెక్కింది. పైన నిలబడి మా కోసం చూసింది.

ఆ సాయంత్రం కూడా మెసేజి రాలేదు.

మీటింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఏం మాట్లాడాలో నాలుగు రోజులు బస్సు నడుపుతూ మనసులో రాసుకున్నాను. ముందు ముప్ఫై రెండు ఫోటోలు. ఆమె ఏమన్నా అంటే చివర్లో తేజు బ్యాగు ఫోటో. గదిలో గుండ్రటి బల్ల, కాగితపు రుమాళ్ల డబ్బా, మంచినీళ్లు. గీతిక ఎదురుగా కూర్చుంది. కొంచెం చిక్కింది. ఆమె ముందు ప్రింటు తీసిన కాగితం ఒకటి ఉంది. తేదీలూ, పక్కన నేను చేసిన తప్పులూ తల్లకిందులుగా కూడా కనబడుతున్నాయి. మార్చి రెండు శనివారాల పక్కన నిండా రాసి ఉంది. ఆ కింద ఖాళీ.

మీడియేటర్ ముందుగా ఆమెనే మాట్లాడమంది. నేను జేబులో ఫోను మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా ఉన్నాను. గీతిక కాగితం చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. మొదట్లో చాలా ఇబ్బందులుండేవని, ఏప్రిల్ నుంచి ఒక్కటి కూడా లేదని, వెళ్లిన ప్రతిసారీ నాన్న ఏమీ మర్చిపోలేదనే పిల్ల చెబుతోందని. మురళి చాలా మారాడు అంది. శనివారం రాత్రి ఉంచుకోవడానికి తనకు అభ్యంతరం లేదంది. ఆ మాట అనడం ఆమెకు కష్టంగానే ఉంది. అయినా అంది.

మీడియేటర్ నా వైపు తిరిగి, ఇది మీకు సమ్మతమేనా అని అడిగింది.

నేను తలూపాను. ఆవిడ కంప్యూటర్‌లో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. తలూపితే చాలు, రెండు వారాల్లో పిల్లలు నా ఇంట్లో పడుకుంటారు. వాళ్ల కోసం సోఫా కమ్ బెడ్ కూడా చూసి పెట్టుకున్నాను. కీబోర్డు టకటకలాడుతోంది. ఆవిడ రెండో వాక్యంలో ఉన్నట్టుంది.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. "అవన్నీ నేను సర్దినవి కావు."

తర్వాత చెప్పవలసిందంతా చెప్పాను. ఫోటోలు చూపించలేదు. బ్యాగులో ఏమేం ఉన్నాయో చెప్పాను, కాగితం మీది రెండు వాక్యాలు చెప్పాను, పిల్ల ఎందుకు మోస్తోందో పిల్ల మాటల్లోనే చెప్పాను. గీతిక కాగితం మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది. మీడియేటర్ పదినిమిషాలు విరామం తీసుకుందామంది.

బయట నడవాలో మంచినీళ్ల మిషను దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. యాప్ బయట మేము మాట్లాడుకుని ఏడాదిపైనే అయింది.

"ఏడేళ్ల పిల్లని గూఢచారిని చేశావు" అన్నాను.

"నువ్వు కూలీని చేశావు" అంది.

ఆమె చేతిలో గ్లాసు నిండి పొంగిపోతున్నా మీట వదల్లేదు.

"బ్యాగులో బొమ్మలు తీసుకెళ్తోందనుకున్నాను" అంది. "ఒక్కసారి కూడా తీసి చూడలేదు." తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది. "తేజూకి ఏడాది నిండకముందు బీచ్‌కెళ్లినప్పుడు పాలసీసా మర్చిపోయాను, గుర్తుందా? అందరి ముందూ ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నాలుగు కుటుంబాలు చుట్టూ ఉన్నాయి. తల్లివేనా నువ్వు అన్నాను.

"ఆ రోజు నుంచి నేనేదీ మర్చిపోలేదు మురళీ. ఒక్కటి కూడా. ఇప్పుడు తేజు అలాగే తయారవుతోంది."

నాకు చెప్పడానికి జవాబులు ఉన్నాయి. అప్పుడు రాత్రిషిఫ్టులు చేసేవాణ్ణని, నిద్ర లేక చిరాకులో అన్నానని, ఒక్క మాట పట్టుకుని ఏడేళ్లు సాధిస్తావా అని. ఒకటీ అనలేదు. అనకుండా ఉండడానికి పళ్లు బిగించవలసి వచ్చింది.

లోపలికెళ్లాక రెండు విషయాలు రాశారు. పిల్లల్ని అవతలివాళ్ల గురించి అడగకూడదు. పిల్ల చేత ఏదీ మోయించకూడదు. రాత్రుల సంగతి జూలైకి వాయిదా వేశారు. నిజం చెప్పినందుకు రెండు నెలల శిక్ష. చెప్పకుండా ఉంటే పిల్లలు ఆ నెలలోనే నా ఇంట్లో ఉండేవాళ్లు. సంతకం పెట్టేటప్పుడు కాగితం చిరిగేలా నొక్కాను. కార్ పార్క్‌లో కూర్చుని చాలాసేపు ఇంజను స్టార్ట్ చెయ్యలేకపోయాను. అందరి మీదా కోపంగానే ఉంది, ఆ తెల్లజుట్టు ఆవిడ మీద, గీతిక మీద. ఏడేళ్ల కింద బీచ్‌లో అరిచిన ఒకడి మీద అందరికంటే ఎక్కువ.

ఆ తర్వాతి శనివారం పొద్దున బాగా చలి. గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. స్కోఫీల్డ్స్ కార్ పార్క్‌లో గీతిక పిల్లల్ని దింపింది. తేజు చేతులు ఖాళీగా ఉన్నాయి. వీపు మీద ఏమీ లేదు. గీతిక నాతో ఏమీ అనకుండా చింటు సీటుబెల్టు సరిచూసి వెళ్లిపోయింది.

దారంతా చింటు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తేజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అడవిదారి మొదట్లో కారు ఆపాను. డిక్కీ తీసి సంచి భుజాన వేసుకున్నాను. చింటూని దింపాను. తేజు దిగలేదు. తలుపు తీసి, రా అమ్మా అన్నాను. బెల్టు విప్పలేదు.

"నేను రాను."

"ఏమైంది? కడుపునొప్పా?"

"లేదు. ఐ డోంట్ లైక్ వాకింగ్." నా వైపు సూటిగా చూసింది. "నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు."

మూడు నెలలు. ఐదు నడకల్లో కిలోమీటర్లు కిలోమీటర్లు నడిపించాను. నేను ఎవరికోసం నడిపించానో ఆ మనిషి మీటింగు గదిలో ఉండేది, ఈ అడవిలో కాదు. నాకు చర్రున కోపమొచ్చింది, వచ్చిన తోవనే పోయింది. సంచి దింపి నేల మీద పెట్టాను. వెనకసీటు పక్కన, తెరిచిన తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాను.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకేమేం ఇష్టం లేదు?"

నమ్మకంగా అనిపించలేదేమో, కాసేపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఇంగ్లీషులో మొదలై మధ్యలో తెలుగులోకి వచ్చింది, కోపం ఎక్కువైన చోటల్లా తెలుగులోనే ఉంది. నా చపాతీలు తడిగా ఉంటాయట. నేను కారులో పెట్టే పాటలన్నీ ఒకేలా ఉంటాయట. నేను చాలా స్పీడుగా నడుస్తానట, వెనక్కి చూడనట. చింటు ఏడిస్తే ఎత్తుకుంటానట, తను ఏడవదు కాబట్టి తనను ఎత్తుకోనట. ప్రతిదానికీ నువ్వు పెద్దదానివి కదా అంటానట.

"నేను పెద్దదాన్ని కాదు. ఐ యామ్ సెవెన్" అంది. ఆ మాట అనేటప్పుడు దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు. నాన్నా నువ్వు ఇది, నాన్నా నువ్వు అది. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. పక్కన కారు ఆపుకున్న తెల్లవాళ్ల జంట మా వైపు చూసి మర్యాదగా ముఖం తిప్పుకున్నారు. చింటు బురదలో పుల్లతో గీతలు గీసుకుంటున్నాడు.

నాకు మోకాళ్లు నొప్పెట్టాయి. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. తేజు ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ముఖమంతా ఎర్రగా ఉంది, జుట్టు బుగ్గలకి అతుక్కుంది.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

"చాలా ఉన్నాయి" అంది.

అప్పటికి ఇంకా పదిన్నరే అయింది. చెప్పమన్నాను.